ఊరు చెప్పుకోవలసిన పేర్లు

ఏటా ఆగస్టు 15న, జనవరి 26న జిల్లా కేంద్రంలోని పరేడ్ మైదానంలో ఒక జాబితా చదువుతారు. జెండా వందనం, కవాతు, శకటాలు, బడిపిల్లల ఆటపాటలు అయ్యాక ఆ ఘట్టం వస్తుంది. ఉత్తమ సేవలందించిన ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు. శాఖ, హోదా, పేరు వరసగా వినిపిస్తుంటాయి. ఒక్కొక్కరూ వేదికెక్కి, కలెక్టర్ చేతుల మీదుగా పత్రం అందుకుని, ఫొటో దిగి వెళ్తారు. గాలివానలో స్తంభమెక్కిన లైన్‌మన్, కాన్పు కేసును వేళకు ఆస్పత్రికి చేర్చిన ఏఎన్ఎం, వరద రాత్రి కాలువ గట్టు మీద కాపలా ఉన్న లష్కర్... వాళ్లకు ఆ గౌరవం దక్కవలసిందే. పనిచేసే ఉద్యోగిని నలుగురిలో మెచ్చుకోవడం మంచి ఆనవాయితీ.

అయితే జీతం, హోదా లేకపోయినా, ఎవరూ పురమాయించకపోయినా ఊరి పని నెత్తిన వేసుకున్నవాళ్లు కూడా ప్రతి మండలంలో ఉన్నారు. ఆ జాబితాలో వాళ్ల పేర్లు వినిపించడం బహు అరుదు. కారణం ఎవరికో వాళ్లంటే గిట్టక కాదు. ఉద్యోగి పేరును అతని శాఖ పంపుతుంది. ఏ శాఖ కిందికీ రాని మనిషి పేరు పంపవలసిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

ఎండాకాలం చలివేంద్రాన్నే చూడండి. మార్చి నెలాఖరుకు కూడలిలో తాటాకు పందిరి వెలుస్తుంది. రిబ్బన్ కత్తిరిస్తారు, కొత్త కుండలు పెడతారు, ఫ్లెక్సీ కడతారు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. ఏప్రిల్ సగానికొచ్చేసరికి చాలా పందిళ్లలో కుండలు ఎండిపోయి కనిపిస్తాయి. ఎక్కడైనా మే నెల వడగాల్పుల్లో కూడా చల్లటి నీళ్లు దొరుకుతున్నాయంటే దాని వెనక ఒక మనిషి ఉన్నట్టే. ఎదురుగా టీకొట్టు నడుపుకునే ఆయనో, పక్కింటి పెద్దావిడో అయ్యుంటారు. చీకటితో లేచి, నిన్నటి నీళ్లు పారబోసి, కుండ లోపలికి చేయి పెట్టి పాచి పోయేలా తోమి, బోరింగు దగ్గర్నుంచి బిందెలతో మోసి నింపుతారు. కుండ చుట్టూ తడిగుడ్డ కడతారు, కింద ఇసుక తడుపుతారు, గ్లాసులు కడిగి బోర్లిస్తారు. తొలకరి పడేదాకా రోజూ ఇదే పని. ఫ్లెక్సీ మీద నాయకుల ఫొటోలు బారుగా ఉంటాయి. కుండ కడిగే చేతి తాలూకు పేరు ఆ దరిదాపుల్లో ఉండదు.

ఇలాంటివాళ్లు ఎందరో. అర్ధరాత్రి ఫోనొస్తే బండి తీసి రక్తమివ్వడానికి వెళ్లే కుర్రాడు. దిక్కులేని శవానికి పాడె కట్టి, తలకొరివి పెట్టే మనిషి. పింఛను దరఖాస్తులు, బ్యాంకు ఫారాలు విసుక్కోకుండా రాసిపెట్టే రిటైర్డు మాస్టారు. పొద్దుటిపూట పిల్లలను చెరువులోకి దింపి ఈత నేర్పే పెద్దాయన. వాళ్లలో ఒక్కరు నాలుగు రోజులు మంచానపడితే ఊరికి ఏదో లోటు తెలుస్తుంది. బాగున్నన్నాళ్లు మాత్రం ఆ పని గాలిలా, వెలుతురులా దానంతటదే జరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. అలవాటైన మేలు కంటికి ఆనదు.

ఈ మరుపు మన కాలంలో పుట్టింది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో అక్కడి చెరువు గురించి చెప్పే 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. చెరువుకు అనువైన చోటు ఎలా ఉండాలో, కట్టడంలో రాకూడని దోషాలేమిటో విడమరిచి చెప్పే అరుదైన శాసనమది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పాటు పనిచేసినట్టు కూడా అందులో ఉంది. రాజకుమారుడి పేరు, వంశం ఆరున్నర శతాబ్దాలుగా చదవగలుగుతున్నాం. ఆ వెయ్యిమంది మాత్రం ఒక అంకెగానే మిగిలారు. నిజానికి ఆ అంకె చెక్కించడమే ఆ కాలానికి పెద్ద మనసు. చాలా శాసనాల్లో అదైనా కనపడదు.

వేదికలు, శాలువాలు లేని ఆ రోజుల్లో గౌరవానికి వేరే దారులుండేవి. చెరువు తవ్వించి దాని మంచిచెడ్డలు చూసేవారికి దశబంధం మాన్యం ఇచ్చేవారు. తూము ఎత్తి దించి, ఏ మడికి ఎంత నీరో చూసే నీరటికి కళ్లంలోనే ధాన్యం కొలిచి మేర ఇచ్చేవారు. పంట ఇంటికి చేరకముందే, అందరి కళ్లెదుట, అతని వాటా అతనికి ముట్టేది. ఆ ఏర్పాటులో కులాల కట్టుబాట్లు, ఎక్కువ తక్కువలు ఉన్నాయి. వాటిని తిరిగి కోరుకోనక్కర లేదు. కానీ ఒక సుగుణం ఉంది. నీరు పారించిన మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు, ఆ సంగతి ఊరందరి ముందూ ఏటా ఒప్పుకునేవారు. ఆ ఒప్పుకోలు మన రోజుల్లో పలచబడింది.

గుర్తింపు వచ్చినా ఎంత ఆలస్యంగా వస్తుందో చెప్పడానికి మన దగ్గరే ఉదాహరణలున్నాయి. గోదావరి లంకల్లో వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ 1909లో కన్నుమూశారు. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి నుంచి ఆహ్వానం వచ్చినా, ఆకలితో వచ్చినవాళ్లను వదిలి రాలేనని ఆమె వెళ్లలేదని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది 2024లో. నూరేళ్లు దాటాక అయినా తగిన పనికి తగిన పేరు పెట్టారు. సంకురాత్రి చంద్రశేఖర్ 1985 జూన్‌లో ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో బాంబు పేలిన ఘటనలో భార్యను, ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్నారు. కెనడాలో ఉద్యోగం వదులుకుని కాకినాడ ప్రాంతానికి వచ్చి, పేదపిల్లలకు బడి, కంటిచూపు మందగించినవాళ్లకు ఆస్పత్రి నిలబెట్టారు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2023లో. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య జీవితమంతా విత్తనాలు ఏరి, సైకిల్ మీద తిరుగుతూ, ఖాళీ కనిపించిన చోటల్లా మొక్కలు నాటారు. మెడలో చెట్ల గురించి రాసిన బోర్డు వేసుకుని తిరిగే ఆయనను చూసి మొదట్లో నవ్వినవాళ్లే ఎక్కువ. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆయన నాటిన చెట్ల నీడలో నిలబడిన ఎందరికో ఆ చెట్టు ఎవరు నాటారో తెలియదు.

పద్మ పురస్కారాల ఎంపిక ఈ పదేళ్లలో కొంత మారిన మాట నిజం. పౌరులెవరైనా ఆన్‌లైన్‌లో పేరు సూచించే వీలు కలిగింది. రామయ్యతో పాటు అదే ఏడాది, చేనేత ఇళ్లలో ఆసు పోసే ఆడవాళ్ల భుజాల నొప్పి తీర్చే యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం పేరు కూడా ఆ జాబితాలో కనపడింది. నగరాలు దాటి వెతకడం మొదలైంది. కానీ దేశం మొత్తానికి ఏటా ఇచ్చే పద్మ పురస్కారాలు, మరణానంతరం ఇచ్చేవీ విదేశాల్లో ఉన్నవారికి ఇచ్చేవీ మినహాయిస్తే, 120కి మించకూడదన్నది నిబంధన. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశంలో ఆ వెలుగు ప్రతి వీధికీ చేరదు, చేరాలని ఆశించడమూ సరికాదు. వీధిలో జరిగే మేలును వీధి, ఊళ్లో జరిగే మేలును ఊరు గుర్తించాలి. ఢిల్లీ దాకా వెళ్లవలసినవి కొన్నే. మండలం దాకా, మున్సిపాలిటీ దాకా వెళ్లవలసినవి వేలల్లో ఉన్నాయి. మనకు లోటు ఈ కింది మెట్టు దగ్గరే.

సన్మానాలకు మన దగ్గర కరువేమిటని ఎవరైనా అడగవచ్చు. కరువు లేదు. ఉన్నవాటి మీద నమ్మకం తగ్గింది. బయోడేటా పట్టుకుని తిరిగినవారికి వచ్చేవి, చందా కట్టినవారికి వచ్చేవి, పార్టీ జెండా చూసి ఇచ్చేవి, ఒకే వేదిక మీద గంటలో వందమందికి పంచేవి జనానికి తెలుసు. అందరికీ ఇచ్చినప్పుడూ విలువ పలచబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గౌరవ వేతనం మీద పనిచేసిన గ్రామ, వార్డు వాలంటీర్లకు 2021 ఉగాది నుంచి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర పురస్కారాలిచ్చారు. కొవిడ్ రోజుల్లో గడపగడపకూ తిరిగిన ఆ యువతీయువకుల శ్రమ తక్కువది కాదు. కానీ రెండు లక్షల మందికి పైగా ఒకేసారి అందుకున్న పురస్కారంలో, వాళ్లలోనే ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్ల ప్రత్యేకత కలిసిపోయింది. పొరుగున కర్ణాటక ఒక మంచి కట్టుబాటు పెట్టుకుంది. రాష్ట్రావతరణ ఉత్సవం ఎన్నోదైతే ఆ ఏడాది అన్నే రాజ్యోత్సవ పురస్కారాలు ఇస్తున్నారు. 2023లో 68, 2024లో 69. హద్దు ముందే తెలిస్తే సిఫార్సుల ఒత్తిడికి సమాధానం చెప్పడం తేలిక.

బ్రిటన్‌లో స్వచ్ఛంద సేవకు 2002 నుంచి ఇస్తున్న రాజ పురస్కారం వ్యక్తులకు కాకుండా బృందాలకు దక్కుతుంది. బృందంలో ఉన్నవాళ్లు తమ పేరు తామే పంపుకోరాదు. మేలు చూసిన బయటివారే రాయాలి. ఆ తర్వాత స్థానిక ప్రతినిధులు వెళ్లి, పని చూసి, మాట్లాడి, నిర్ధారించుకుంటారు. డబ్బు ఇవ్వరు. ఇందులో మనం అందిపుచ్చుకోదగ్గది ఆ వెళ్లి చూడటమే. సేవ చేసేవాడిచేత దరఖాస్తు రాయించడం, ఆ సేవకే చిన్నతనం. కుండ కడిగే పెద్దావిడ ఏ ఫారమూ నింపదు. ఆమె దగ్గరికి మనమే వెళ్లాలి.

వెళ్లి తెలుసుకున్నది సరిగ్గా రాయడం రెండో బాధ్యత. మన ప్రశంసాపత్రాల్లో చాలావాటిలో ఒకే వాక్యం ఉంటుంది. సమాజానికి విశిష్ట సేవలందించినందుకు అని. పేరు కొట్టేసి ఎవరి పేరు రాసినా సరిపోయే వాక్యం అది. అదే కాగితం మీద, మండలంలో ఎవరింట్లో చావు జరిగినా ఏ రాత్రయినా ఫ్రీజర్ పెట్టెను తన ట్రాలీలో చేర్చాడనీ, కూలింటివాళ్ల దగ్గర డీజిల్ డబ్బు కూడా తీసుకోలేదనీ రాస్తే ఆ పత్రం ఆ మనిషిదవుతుంది. మనవడు చదువుకుంటాడు. పదేళ్ల తర్వాత ఎవరు చూసినా ఊరికి అతనేం చేశాడో తెలుస్తుంది. శాలువా ఏ పెట్టెలోనో మడతపడి ఉంటుంది, జ్ఞాపిక అల్మరాలో దుమ్ము పడుతుంది. నిలిచేది ఆ నాలుగు వాక్యాలే. పురస్కారంలోని అసలు గౌరవం అక్కడుంది. ఒకరు శ్రద్ధ పెట్టి నీ పని చూశారు, వివరంగా తెలుసుకున్నారు, పదిమందిలో పైకి చెప్పారు. సేవ చేసిన మనిషికి ఊరు ఇవ్వగలిగినది అంతకంటే పెద్దది లేదు.

డబ్బు సంగతి కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. రక్తదానం మనకు ఒక పాఠం నేర్పింది. ఒకప్పుడు రక్తం అమ్ముకుని బతికేవాళ్లు ఉండేవారు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 1998 జనవరి 1 నుంచి దేశంలో ఆ అమ్మకం ఆగిపోయింది. రక్తం దొరకదేమోనని అప్పట్లో భయపడ్డారు. ఈనాడు కాలేజీల్లో, కాలనీల్లో, అభిమాన సంఘాల్లో శిబిరం పెడితే కుర్రాళ్లు వరస కడుతున్నారు. వాళ్లకు దక్కేది ఒక బిస్కట్ ప్యాకెట్, ఒక సర్టిఫికెట్. మంచి పనికి ధర కట్టకపోయినా మనుషులు వస్తారనడానికి ఇది చాలు. కాబట్టి సేవకు నగదు బహుమతి ముఖ్యం కాదు. ఆ సేవ సాగడానికి కావలసిన ఆసరా ముఖ్యం. శవాల బండికి డీజిల్, చలివేంద్రానికి కుళాయి కనెక్షన్, ఈత నేర్పే చోట లైఫ్ జాకెట్లు, సేవ చేసే మనిషికి ఒంట్లో బాగాలేకపోతే వైద్యం. చేతికి శాలువా ఇచ్చి, చేతి చమురు వదిలించుకోమనడం మర్యాద కాదు.

అడ్డు తొలగించడం కూడా గౌరవమే. రోడ్డు మీద నెత్తురోడుతున్న మనిషిని చూసి కూడా చాలామంది ముందుకు రాకపోవడానికి కారణం మనసు లేకపోవడం కాదు. పోలీస్ స్టేషన్, సాక్ష్యం, కోర్టు వాయిదాలంటే భయం. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ అలా సాయపడినవారికి రక్షణ కల్పించాయి. ఆ తర్వాత 2021లో కేంద్రం వారికి రూ.5 వేల బహుమతి, ప్రశంసాపత్రం ప్రకటించింది. 2025లో ఆ మొత్తాన్ని రూ.25 వేలకు పెంచింది. వరస గమనించండి. ముందు భయం తీర్చారు, తర్వాత బహుమతి పెట్టారు. సరైన వరస అదే. ఈ రక్షణ ఉందన్న సంగతి ఇప్పటికీ మన ఊళ్లలో చాలామందికి తెలియదు. దానికి ప్రచారం కావాలి.

నిజంగా సేవ చేసేవాళ్లు పేరు కోరుకోరు, వాళ్లకు సన్మానాలెందుకనే మాట తరచూ వింటాం. వాళ్లు కోరుకోకపోవడం వాళ్ల గొప్పతనం. దాన్ని సాకుగా చేసుకుని మనం ఊరుకోవడం మన గొప్పతనం కాదు. పైగా పురస్కారం ఆ ఒక్కరి కోసమే కాదు. ఇంటి పని వదిలేసి ఊరి పని మీద పడ్డాడని ఏళ్ల తరబడి లోలోపల బాధపడిన ఇల్లాలికి, నలుగురిలో భర్త పేరు వినపడిన రోజు కొంత ఊరట దొరుకుతుంది. ఎదుగుతున్న పిల్లలు అక్కడే ఉంటారు. ఏ పనికి చప్పట్లు పడుతున్నాయో వాళ్లు చూస్తారు. డబ్బున్నవాడికీ పదవి ఉన్నవాడికీ మాత్రమే దండలు పడే ఊళ్లో పెరిగిన పిల్లవాడు ఒక రకంగా ఆలోచిస్తాడు. చెరువు కట్ట మీద తుప్పలు కొట్టిన మనిషికి కూడా దండ పడటం చూసినవాడు ఇంకో రకంగా ఆలోచిస్తాడు. ఒక ఊరు ఎవరిని గౌరవిస్తుందో ఆ ఊళ్లో అలాంటివాళ్లు పెరుగుతారు.

ఒంటరి మనుషులతో పాటు కలిసి పనిచేసినవాళ్లనూ గుర్తించాలి. వరంగల్ జిల్లా గంగదేవిపల్లి ఇందుకు తార్కాణం. తాగునీరు, పారిశుధ్యం, పొదుపు వంటి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని ఊరివాళ్లే బాధ్యతలు పంచుకున్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం ఆ ఊరికి వచ్చింది. అలాంటి చోట ఒక్క సర్పంచ్ మెడలో దండ వేస్తే సగం నిజమే చెప్పినట్టు. మహిళల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. చలివేంద్రం నీళ్లు, అన్నదానం వంటలు, బడి తోట కలుపు, రోగి పక్కన రాత్రిళ్లు కూర్చోవడం ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగా నడుస్తాయి. ఇంటి పనికి కొనసాగింపే కదా అని వాటిని లెక్కలోకి తీసుకోరు. ఎంపిక కమిటీ జాబితా చేతికొచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, ఇందులో ఆడవాళ్లెందరు అని.

ఇదంతా జరగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. కలెక్టర్లు ఇప్పుడున్న జాబితాకు పౌరుల విభాగం ఒకటి చేర్చితే చాలు. మండలానికి ఇద్దరో ముగ్గురో చాలు. పేర్లు ఇరుగుపొరుగువాళ్లే సూచించాలి. వాటిని గ్రామసభలో, వార్డు సభలో బిగ్గరగా చదవాలి. అభ్యంతరముంటే అక్కడే చెప్పే వీలుండాలి. పదవిలో ఉన్నవాళ్లు, పోటీకి నిలబడబోయేవాళ్లు పక్కకు తప్పుకోవాలి. తహసీల్దారో, ఎంపీడీఓనో, బడి హెడ్మాస్టరో వెళ్లి పని కళ్లారా చూసి నాలుగు వాక్యాలు రాయాలి. జిల్లా కేంద్రంలో ఒకసారి ఇచ్చాక, అదే పత్రాన్ని సొంత ఊళ్లో మళ్లీ చదివి వినిపించాలి. అతని పని వల్ల మేలు పొందినవాళ్లు అక్కడే ఉన్నారు. జిల్లా కేంద్రానికి బస్సెక్కి రాలేని వృద్ధులకు ఇంటి దగ్గరే అందించాలి.

ఈ పని ప్రభుత్వం మొదలుపెట్టేదాకా ఆగనక్కర లేదు. డిసెంబరు 5 అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినం. ఆ తర్వాత ఏడు వారాలకే గణతంత్ర దినోత్సవం. మీ వీధిలో, మీ ఊళ్లో ఎవరూ అడక్కుండా అందరి పనీ చేస్తున్న ఒక మనిషి పేరు తలుచుకోండి. ఆమె గానీ ఆయన గానీ ఏం చేస్తున్నారో, ఎన్నాళ్లుగా చేస్తున్నారో, ఎవరికి మేలైందో ఒక కాగితం మీద రాయండి. పదిమందితో సంతకాలు పెట్టించి పంచాయతీ కార్యదర్శికో, మున్సిపల్ కమిషనర్‌కో ఇవ్వండి. వచ్చే గ్రామసభలో ఆ కాగితం చదవమని అడగండి. ఆ మనిషి బతికుండగా, మన మాట చెవిన పడే వయసులో ఉండగా, ఆ పని చేయండి.